పదికి ఆరు

కవరు చింపి కాగితం చూసిన మాస్టారికి ఒళ్లు మండింది.

పదికి ఆరు.

ఆరు నెలలు ఫ్యాక్టరీలో పని నేర్చుకున్న పిల్లకు ఆరు మార్కులు. నెలకొకటి చొప్పున వేసినట్టున్నాడు మహానుభావుడు!

కాలేజీకీ ఫ్యాక్టరీకీ ఒప్పందం కుదర్చడానికి మాస్టారు మూడేళ్లు చెప్పులరిగేలా తిరిగారు. ఎన్ని గేట్ల దగ్గర పేరు రాశారో, ఎన్ని బెంచీల మీద కూర్చుని "రేపు రండి" అనిపించుకున్నారో ఆయనకే గుర్తులేదు. చివరికి ఈ ఒక్క ఫ్యాక్టరీ సరేనంది. చదువులో ఆఖరి ఆరు నెలలు పిల్లలు అక్కడే పని నేర్చుకోవాలి. నేర్పినవాడు మార్కులు వేస్తే, ఆ కాగితంతో కాలేజీ పేరు పంపాలి. అన్ని కాలేజీల నుంచీ వచ్చినవాళ్లందరిలో ఒక్కరికి ఉద్యోగం.

కాలేజీది ఒక నిబంధన ఉంది. ఏడు తగ్గితే ఉద్యోగానికి పేరు పంపకూడదు.

వెళ్లింది నలుగురు. మిగతా ముగ్గురికీ ఇంకా తక్కువే. కానీ వాళ్లు పైచదువులకు వెళ్లేవాళ్లు, ఆ బెంగ లేదు. ఉద్యోగం కావలసింది ఎదురుగా నిలబడిన ఈ పిల్లకే.

"ఏమ్మా, అక్కడ ఏం వెలగబెట్టావు?"

"పనే సార్."

"పని నేర్పినాయనతో ఏమైనా గొడవపడ్డావా?"

"లేదు సార్. తాత మంచోడే. నా పని చూసి ఒకసారి 'ఊఁ' అన్నాడు కూడా."

"ఊఁ అంటే?"

"అంతే సార్. మిగతావాళ్లకి అదీ లేదు."

మాస్టారు కళ్లజోడు తీసి మొహం రుద్దుకున్నారు.

ఈ పిల్లను తల్లి కుట్టుమిషను మీద చదివించింది. ఇప్పుడావిడకు చూపు ఆనడం లేదు. రోజూ సూదిలో దారం ఎక్కించి ఇచ్చాకే కూతురు కాలేజీకి వచ్చేది. ఈ ఉద్యోగం తప్పితే ఆ మిషను ముందు కూర్చోవలసింది ఇక ఈ పిల్లే.

"నువ్వు ఇంటికెళ్లు. నేను చూసుకుంటా."

మళ్లీ రెండు బస్సులు. మళ్లీ గేటు. మళ్లీ పుస్తకంలో పేరు.

పిల్లలకు పని నేర్పే ముసలి టర్నరు ఇనుము చెక్కే లేత్ మిషను దగ్గర ఉన్నాడు. తిరుగుతున్న ఇనుప కడ్డీ మీద నుంచి చూపు తిప్పలేదు.

"మేస్త్రీ, మార్కులు మీ జేబులోంచి తీసి ఇస్తున్నారా?"

టర్నరు కడ్డీ మీద రెండు చుక్కలు నూనె వేశాడు.

"ఆరేమిటండీ, ఆరు? మా కాలేజీలో ఆరంటే మొద్దురాచిప్పకి జాలిపడి వేసే మార్కు."

టర్నరు మిషను ఆపాడు.

"ఆరు తక్కువా?" నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు.

"మరి పది ఎవరికి వేస్తారు?"

"పదా?" కాసేపు ఆలోచించాడు. "అలాంటి పని నేనింకా చూళ్లేదు సారూ."

"ఏడు వేయండి చాలు. మీ సొమ్మేం పోయింది?"

"ఏడుకి తగ్గ పని చేస్తే ఏడు వేస్తా."

మాస్టారు నోరు జారారు.

"చదివింది మూడో తరగతి. వేసేది డిప్లొమా పిల్లకి మార్కులు. మా ఖర్మ!"

టర్నరు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మనిషి దగ్గర నాలుగు మాటలుంటే అందులో మూడు దాచుకునే రకం.

"ఆ కాగితం అలాగే పంపండి సారూ" అన్నాడు. మళ్లీ మిషను తిప్పాడు.

మేనేజరు సెలవులో ఉన్నారు. ఆఫీసు గుమాస్తా మాత్రం మహా మర్యాదస్తుడు. కూర్చోబెట్టి కొత్త ఫారం తీశాడు.

"ఎంత వేయమంటారు?"

"ఎనిమిది."

"తొమ్మిది వేయనా? చూడ్డానికి నిండుగా ఉంటుంది."

"వద్దు బాబూ, నమ్మరు."

పాత కాగితాన్ని మాస్టారు బస్‌స్టాపులోనే నాలుగు ముక్కలు చేసి పారేశారు. చాలా రోజుల తర్వాత ఆయనకు బస్సులో కునుకు పట్టింది.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. ఉద్యోగం పక్క కాలేజీ కుర్రాడికి ఇచ్చారు.

"ఎనిమిది కూడా చాల్లేదా సార్?" అంది పిల్ల. ఏడవలేదు. అదే మాస్టారికి మరీ కష్టంగా అనిపించింది.

మళ్లీ రెండు బస్సులు.

మేనేజరు కుర్చీ చూపించారు.

"ఆ కుర్రాడికి ఎంతండీ?" అడిగారు మాస్టారు కూర్చోకుండానే.

"ఐదు."

"మా పిల్లకి ఎనిమిది!"

"అది మా గుమాస్తా వేసింది మాస్టారూ. పెన్ను పడితే ఎనిమిదికి తగ్గడు. పైవాళ్లు ఆ కాగితాలు చూడను కూడా చూడరు. వాళ్లకి కావలసింది ముసలాయన సంతకం."

"ఐదుకే ఉద్యోగమా?"

"ఆయన దగ్గర ఐదంటే మాటలా? వాళ్ల మాస్టారు బద్ధకస్తుడు, కవరు విప్పకుండా పంపేశాడు. మీ పిల్లకి ఆయన అసలు వేయనే లేదనుకున్నాం."

"ఈ మాట ముందే చెప్పాల్సిందండీ."

"మీరు అడగలేదు. ఆయన చెప్పే మనిషి కాడు."

మాస్టారు నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డారు.

"వేశాడండీ. నేనే చింపేశాను."

"అయ్యో. ఎంత?"

"ఆరు."

మేనేజరు చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేశారు.

"మళ్లీ రాసిమ్మని అడుగుతా. కాళ్లు పట్టుకుంటా" అన్నారు మాస్టారు.

"ఆర్డరు వెళ్లిపోయింది మాస్టారూ. ఆయన కూడా మొన్న నెలాఖరుకి రిటైరై వెళ్లిపోయారు."

లేచి గుమ్మం దాకా సాగనంపి, అప్పుడన్నారు మేనేజరు:

"ఇరవై ఆరేళ్ల కిందట నేనూ ఆయన దగ్గరే పని నేర్చుకున్నా, నాకాయన వేసింది నాలుగు."