కాఫీ పథ్యం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు. నంద్యాలలో డాక్టరు కృపావరం ఎదుట కూర్చుని, పురాణాలు చెప్పే పార్థసారథి ఉబ్బసం లక్షణాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. డాక్టరు మాత్రలిచ్చాడు.

"ఇవి వేసుకున్నన్నాళ్లూ కాఫీ ముట్టగూడదు స్వామీ."

పార్థసారథి ముఖం పాలిపోయింది.

"పొద్దున ఒక్క లోటా?"

"వద్దు. ఈ మందూ కాఫీ కలిస్తే గుండె దడదడలాడుతుంది. చేతులు వణుకుతాయి. నిద్ర ఉండదు. అసలు ఇంట్లోనే కాచొద్దు. వాసన తగిల్తే మనసు ఆగదు."

ఆళ్లగడ్డకు తిరిగొచ్చే బస్సులో ఆయన ఏడవడమొక్కటే తక్కువ.

ఫిల్టరు అటకెక్కింది. మాత్రలు బాగానే పనిచేశాయి. రాత్రుళ్లు ఇంట్లో పిల్లికూతలు ఆగిపోయాయి. కానీ పార్థసారథికి తెల్లారడమే తలనొప్పితో తెల్లారేది. హోటల్లో తాగుదామంటే ఆచారం అడ్డం. పురాణం చెబుతూ హిరణ్యకశిపుడి మీద కంటే కృపావరం మీదే ఎక్కువ మండిపడేవాడు.

ఒకనాడు విగ్రహాలు చెక్కే సంజీవయ్య పలకరించాడు.

"ఏంది స్వామీ, మొగం అట్ల వాడిపోయింది?"

"కాఫీ లేదు సంజీవయ్యా. ఈ మాత్రల కంటే ఆయాసమే నయం. మానిపించేస్తాండా."

"మళ్లీ పట్టుకుంటుందేమో?"

"పట్టుకోనీ. ఉబ్బసంతో బతికేవాళ్లు లేరా? ఓర్చుకోవాల."

సంజీవయ్య ఉలి పక్కన పెట్టాడు.

"గట్టి గుండె స్వామీ మీది."

ఆ మాటకు పార్థసారథి ఛాతీ పొంగింది. నేరుగా ఇంటికెళ్లి మాత్రల పొట్లం మురుక్కాలవలో పారేశాడు. నిచ్చెన వేసుకుని తనే ఫిల్టరు దించాడు. దాన్ని తన చేత్తోనే తోమాడు. ఆ ఇంట్లో ఆయన పాత్ర ముట్టడం అదే మొదలు.

వారం తిరక్కుండానే పిల్లికూతలు తిరిగొచ్చాయి. ఆయన లెక్కచేయలేదు.

ఒక పొద్దున అరుగు మీద కూర్చుని, పొగలు కక్కే లోటా అందుకున్నాడు. మొదటి గుక్కకే కళ్లు మూతలు పడ్డాయి. ఈ సుఖం ముందు ఆయాసం ఏపాటిది అనుకున్నాడు. ఇంకో గుక్క తాగి, తన త్యాగానికి తనే మురిసిపోయాడు.

మాత్రలు ఆగినప్పటి నుంచీ ఊపిరందక అల్లాడుతున్న ఆయన భార్య అమృతవల్లి, గడప పట్టుకుని నిలబడి, మాటమాటకూ ఆగుతూ, "చక్కెర... సరిపోయిందా... అండీ" అని అడిగింది.