ఎండుచేపల ఫొటో

"చెయ్యి తియ్యక్కా, నీడ పడుతోంది."

ఒఫీలియా కుర్చీ ఎక్కి నిలబడి, బల్ల మీదున్న ఎండుచేపల్నీ వెల్లుల్లి అన్నాన్నీ ఫోనులో ఫొటో తీస్తోంది. లిగాయా చెయ్యి తియ్యలేదు సరికదా, పళ్ళేన్ని తన వైపుకి లాక్కుంది.

"ఇది నీ బ్లాగులో కనిపించిందంటే నా ప్రాణం పోయినట్టే. ఒంటరిగా ఉండేదానివి, రెండో పళ్ళెం ఎవరిదని అడగరూ?"

"పెట్టనంటున్నాగా. తిండి కనిపిస్తే ఫొటో తియ్యకుండా చెయ్యి ఊరుకోదు. పదేళ్ళ అలవాటు."

లిగాయా భయం ఉత్తదేం కాదు. వాళ్ళ ఊరి మేయరు నదిలో ఇసుక తవ్వించుకుంటున్న సంగతి తన బ్లాగులో ఫొటోలతో సహా రాసిపడేసింది. మర్నాడే మోటారుసైకిలు మీద ఇద్దరొచ్చి ఆమె ఇంటి గుమ్మం మీద తుపాకీ పేల్చి పోయారు. నాలుగు రోజులుగా ఇలోయిలో పట్నంలో, ఒఫీలియా ఇంట్లో తలదాచుకుంటోంది. ఆ సంగతి ఒఫీలియాకి తప్ప పురుగుక్కూడా తెలియదు.

"ఎందుకక్కా నీకీ గొడవ? నాలాగా రాసుకోకూడదూ? కొత్త హోటలు తెరిస్తే పిలుస్తారు, వెళ్ళి తింటాం, బాగుందని రాస్తాం."

"బాగాలేదని ఎప్పుడైనా రాశావే?"

"రాస్తే మళ్ళీ పిలుస్తారా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఒఫీలియా నవ్వు ముందు ఆగింది.

"అయినా జనం నిన్నే చదువుతారులే. నీ ఇసుకకి నలభై వేలమంది. నా రొయ్యల పులుసుకి రెండొందలమంది, అందులో సగం మా చుట్టాలే."

లిగాయా తన పళ్ళెం ఖాళీ చేసింది. ఒఫీలియా పళ్ళేలు కడిగేసి బుట్ట చేతపట్టుకుంది.

"చేపలు తెస్తాను. బయట తాళం వేసుకుపోతా. ఇంట్లో ఎవరూ లేరనుకుంటారు."

ఆమె అటు వెళ్ళగానే లిగాయా మనసులో పురుగు తొలిచింది. ఫొటో పెట్టనని అందిగానీ, ఆ చెయ్యి ఊరుకునే చెయ్యేనా? ఒఫీలియా లాప్‌టాప్ బల్ల మీద తెరిచే ఉంది. గబగబా బ్లాగు చూసింది. ఎండుచేపల్లేవు. అసలు నాలుగు రోజులుగా కొత్తగా ఒక్క ముక్కా లేదు.

లిగాయాకి సిగ్గేసింది. తన కోసం అలవాటు కూడా మానుకుని కూర్చున్న మనిషిని దొంగలా తనిఖీ చేసినందుకు కళ్ళు చెమ్మగిల్లాయి. రాగానే క్షమాపణ అడగాలనుకుంది.

మూసేయబోతుంటే, ఇంకా బయటికి రాని పోస్టు ఒకటి కనిపించింది. ఎక్కడికైనా వెళ్ళే ముందు ఒఫీలియా రాత పూర్తిచేసి, టైము పెట్టి వెళ్తుంది. ఆ టైముకి అది దానంతటదే జనంలోకి వెళ్తుంది. దీనికి పెట్టిన టైము ఈ రోజు పది గంటలు. గోడ గడియారంలో తొమ్మిదింబావు అయింది.

"మా లిగాయా అక్క" అని పేరు పెట్టింది. తన గురించి ఏం రాసిందోనని లిగాయా ఆత్రంగా తెరిచింది.

"చేపలు తెద్దామని అరగంట బజారుకి వెళ్ళానంతే, తిరిగొచ్చేసరికి మా అక్కని కాల్చేసి పోయారు."