మతిమరుపు పంతులు

"అవ్వా, మా కొత్త పంతులుకు 'క' రాదు."

రొట్టె తిప్పుతున్న బాలనర్సమ్మ చెయ్యి పెనం మీదే ఆగింది.

"ఎవలన్నరే?"

"ఆయనే అన్నడు. 'సాలమ్మా, మర్శిపోయిన, జర చెప్పు బిడ్డా' అన్నడు. నేనే చెయ్యి పట్టి దిద్దిచ్చిన."

మనవరాలు పకపకా నవ్వింది. అవ్వకు నవ్వు రాలేదు.

ఒకప్పుడు పట్వారి ఏదో కాగితం మీద ఆమె బొటనవేలు అద్దించుకున్నాడు. మర్నాటికి ఆమె చెల్క భూమి దొరదైపోయింది. సాలమ్మ మాత్రం వేలు అద్దకూడదు, సంతకం పెట్టాలి. అదొక్కటే బాలనర్సమ్మ పంతం.

రైతుల సంఘం దెబ్బకు దొర హనుమకొండకు పారిపోయాక, గడిలో గుర్రాల కొట్టం ఊరికి బడి అయింది. గుర్రాలు సకిలించిన చోట పిల్లలు ఎక్కాలు సకిలిస్తున్నారు. బడి పెట్టిన రాజయ్య పంతులు పెద్ద పిల్లలకు అక్షరాలన్నీ నేర్పి, ఒకనాడు తుపాకి పట్టి దళంలోకి పోయాడు.

ఆ తర్వాత గొంగడి కప్పుకుని ఈ కట్టయ్య దిగాడు.

"రాజయ్య పంతులు పంపిండు," అన్నాడు.

అంతే, పిల్లలందరూ పలకలు పట్టుకుని లేచి నిలబడ్డారు. కట్టయ్య ఇంకేదో చెప్పబోయాడు. ఆ మొహాలు చూసి, మాట మింగి, అక్కడే చతికిలబడ్డాడు. కొట్టం ఊడుస్తున్న బాలనర్సమ్మ కళ్లారా చూసింది.

ఇప్పుడు 'క' రాదంటే ఊరుకుంటుందా? కొంగు దోపి, తగవుకు పోయింది.

కొట్టంలో పంతులు ఇసుకలో గీస్తున్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు.

"మల్ల తప్పా? నా బుర్రల గడ్డి మొలిశింది. లచ్చయ్యా, నువ్వు చెప్పు."

లచ్చయ్యకూ రాదు. పరుగున పోయి సాలమ్మను అడిగి, నేర్చుకుని వచ్చి, పంతులు ముందు రొమ్ము విరుచుకుని చెప్పాడు. ఒత్తుల దగ్గర జుట్లు పట్టుకుని మరీ తేల్చుకున్నారు. పొద్దు వాలితే ఇళ్లకు మళ్లే మేకలను లెక్కపెట్టడం, గోడ వెంట చిక్కుడు గింజలు పెట్టడం. అదీ వాళ్ల చదువు.

"ఓ పంతులూ, నీకు తెల్వక పోరగాండ్లను అడుగుతున్నవా?" అంది బాలనర్సమ్మ.

"అన్నీ మర్శిపోత అవ్వా."

"నువ్వు మర్శిపోతే నా మనుమరాలు గూడ నా లెక్క ఏలు అద్దాలె."

కట్టయ్య ఆమె బొటనవేలు వైపు చూశాడు.

"పీర్ల పండుగ దాక ఓపిక పట్టు. గప్పటికి నీ పిల్ల నీ పేరు రాయకపోతే, నన్ను నీ గొడ్ల కాడ పెట్టుకో. గా పని నాకు మంచిగొస్తది."

దారిలో పోశాలు ఎదురయ్యాడు. ఊళ్లో ఎవరి గుట్టయినా తనకే తెలుసని తిరిగే మనిషి.

"నీకు సమజ్ గాలే అక్కా. అదంత ఏశం. తెల్వనట్టు ఏశం కట్టి, పోరల నోట్లకెళ్లి సదువు గుంజుతుండు. అసుమంటి పంతులు పట్నంల గూడ దొరకడు."

పీర్లు ఇంకా లేవనే లేదు, సాలమ్మ బొగ్గు పట్టుకుని గోడ మీద రాసింది.

"గిదేందే?"

"నువ్వే. బాలనర్సమ్మ."

అవ్వ ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఆ పూటే కోడిని కోసి, కూర గిన్నె పంతులుకు తీసుకుపోయింది. ఏం వేషం కట్టాడు అని ఊరంతా మురిసిపోయింది.

మరుసటి ఏడు దొర తిరిగొచ్చాడు, పోలీసులతో.

పోలీసు అమీను ఊరినంతా గడి ముందు ఎండలో నిలబెట్టాడు.

"ఈ బడి నడిపే పంతులు ఎవడు? చెప్పకుంటే ఇండ్లు కాలవెడ్త."



"నేనే," అని కట్టయ్య ముందుకొచ్చాడు.

పగుళ్లు బారిన ఆ కాళ్లను చూసి అమీను నవ్వాడు. "నువ్వు పంతులువా? గొడ్లు కాసేటోని తీర్గున్నవ్. ఇగో, సంతకం పెట్టు. ఏలిముద్రగానివైతే నడువు ఇంటికి. అసలోని సంగతి ఊరోళ్లతోని చెప్పిస్త."

కట్టయ్య కాగితం ముందు కూర్చున్నాడు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో గీత నాగలి దున్నినట్టు గీశాడు. వెనక పిల్లలు ఊపిరి బిగబట్టారు. అయ్యాక తలెత్తి సాలమ్మ వైపు చూశాడు. సాలమ్మ తలూపింది. నోరంతా తెరిచి నవ్వాడు.

పోశాలు గుసగుసలాడాడు. "సూశినవా అక్కా, అమీను ముంగట గూడ ఏశం ఇడువలే."

చేతులకు తాడు కట్టి తీసుకుపోతుంటే కట్టయ్య వెనక్కి తిరిగాడు. "పోరగాండ్లూ, రేపు బడి ఉన్నది."

పోరాటం ఆగింది, దొర గడి వదిలి మళ్లీ హనుమకొండ చేరాడు. జైలు నుంచి రాజయ్య పంతులు వచ్చాడు. కొట్టంలో పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు ఎక్కాలు చెబుతున్నారు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అవ్వా, బడి ఎవలు నడిపిండ్రు?"

"ఎవలేంది, నువ్వు పంపిన కట్టయ్య పంతులే. పట్టుకపోయినోళ్లు మల్ల తోలియ్యలే. ఎక్కడున్నడు బిడ్డా?"

"లేడు అవ్వా. ఈ బడి పంతులంటె నేనే అనుకోని, పోలీసులు బయ్యారం అడవిల కాల్చిండ్రు."

పక్కనే ఉన్న పోశాలు తలకు చుట్టిన రుమాలు తీసేశాడు.

"నేను కట్టయ్యను బడి చెప్పుమని పంపలే," అన్నాడు రాజయ్య. "బడి బంద్, పిల్లలు రావొద్దని చెప్పి రమ్మన్న. చిన్నప్పటిసంది గొడ్లు కాసినోడు. అక్షరం ముక్క రాదు."

"మరి అమీను ముంగట సంతకం పెట్టిండు గద," అంది బాలనర్సమ్మ.

చిన్నవాళ్ల ముందు ఇసుక చదును చేస్తున్న సాలమ్మ తలెత్తకుండానే అంది.

"రాకుండె అవ్వా. మేమే నేర్పిచ్చినం. నీకు గప్పుడే చెప్పిన గద."