దారిలో ఎంత ఒలుకుతుంది?

మీరే. చల్లటి గదుల్లో కూర్చుని, మ్యాపు మీద స్కేలు పెట్టి కరెంటు లైన్లకి గీతలు గీసింది మీరే. ఆ గీతల కింద మనుషులున్నారా అని మీలో ఒక్కడూ అడగలేదు. అందుకే ఈ కథ మీకే చెబుతున్నాను. కదలకుండా వినండి.

ఎడారిలో కేయెంటా అనే ఊరు దాటి పన్నెండు మైళ్లు పోయాక తారు రోడ్డు అయిపోయింది. కర్టిస్ లండ్ బండి దిగి నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేశాడు, ఇసుకలో దిగబడకుండా. కొత్త ఎలక్ట్రిక్ పికప్ అది. అతను కరెంటు కంపెనీలో లైన్లు తనిఖీ చేసే మనిషి. బండి కంపెనీదే. ఎడారి దారిలో దాన్ని దూకించి ఫోటోలు పంపు, కంపెనీ క్యాలెండరులో వేస్తాం అని పై ఆఫీసు హుకుం.

దారి చూపడానికి పక్క సీట్లో వెర్నా ఎట్సిటీ కూర్చుంది. అరవై దాటిన మనిషి, తరతరాలుగా ఆ ఎడారిలోనే ఉంటున్న నవాహో తెగ. ఆ దారి చివరే ఆమె ఇల్లు.

“టైర్లలో గాలి తీశావు, బానే ఉంది. నీలో గాలి ఎప్పుడు తీస్తావు తమ్ముడూ? రెండింటికల్లా నేను ఇంట్లో ఉండాలి. నాన్న ఒక్కడే ఉన్నాడు. ఊపిరి సరిగా ఆడట్లేదు.”

“ముందే చెప్పొద్దా మేడమ్! అవసరమైతే ఈ బండిలోనే హాస్పిటల్‌కి తీసుకుపోదాం.”

“ముందు ఇంటికి పోనీ.”

పన్నెండూ నలభై. బండి తెర మీద బ్యాటరీ నలభై ఆరు శాతం.

బండి చప్పుడు లేకుండా ఎర్రరాయి ఎక్కింది. దారి పక్క గొర్రెలు తల కూడా ఎత్తలేదు. కర్టిస్‌కి హుషారొచ్చింది. వెర్నా రాయినీ చూడలేదు, గొర్రెల్నీ చూడలేదు. తెర మీద అంకెనే చూస్తోంది. నలభై నాలుగు. నలభై ఒకటి.

“దారిలో ఎంత ఒలుకుతుంది?” అని అడిగింది.

“ఒలకడమేంటి మేడమ్, ఇదేమన్నా నీళ్ల పీపానా?”

“మాకు నీళ్లు పికప్ మీదే రావాలి. పీపా నిండా పోసుకుని బయల్దేరితే ఇంటికి ముప్పావే చేరుతుంది. అందుకని అడిగా. సరే, బండి వెనక తొట్టిలో ఆ ప్లగ్గులు పనిచేస్తాయా, ఊరికే బొమ్మలా?”

“భలేవారే! కాఫీ కాచుకోవచ్చు. రాళ్లు కోసే మిషన్ కూడా నడుస్తుంది.”

ఆఫీసుతో మాట్లాడే రేడియో గరగరలాడింది. “లండ్! గాల్లోకి లేచిన ఫోటో ఒక్కటీ రాలేదేం? నిద్రపోతున్నావా?”

ఆ మాటకి రోషమొచ్చి వాగు ఇసుకలోకి జోరుగా తోలాడు. బండి ఇరుసు దాకా కూరుకుపోయింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. అంకె జారుతోంది. ముప్పై. ఇరవై ఆరు.

“తొక్కకు! తొక్కావంటే నీ కాలు విరగ్గొడతా!”

వెర్నా దిగి మోకాళ్ల మీద కూర్చుంది. చేతులతోనే ఇసుక తవ్వింది. బండిలో కాళ్ల కింద వేసిన రబ్బరు మ్యాట్లు లాగి చక్రాల ముందు పరిచింది. గోళ్ల సందుల్లోంచి నెత్తురొచ్చింది. ఆమె చూసుకోలేదు. గడియారమే చూసుకుంది.

బండి పైకొచ్చేసరికి ఒంటిగంటా ఇరవై ఐదు. పంతొమ్మిది శాతం.

కర్టిస్ మొహం పాలిపోయింది. “వెనక్కి పోదాం మేడమ్. ఇప్పుడు తిరిగితే ఊరు చేరతాం. ముందుకెళితే ఇద్దరం ఇక్కడే ఎండిపోతాం.”

“ముందుకే.”

“మీ ఇంట్లో ప్లగ్గులున్నాయా?”

వెర్నా ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూసింది.

“గదికి రెండున్నాయి. ముప్పై ఏళ్ల కిందటే నాన్న గోడల నిండా వైరింగ్ చేయించాడు. పొడుగు వైరు కూడా ఉంది. వాకిట్లోకి వస్తుంది.”

“ఆ మాట ముందే అంటే నా ప్రాణం కుదుటపడేది కదా!”

ముందుకే తోలాడు. ఆఖరి దిగుడులో బండి దానంతటదే ఒక శాతం తిరిగి నింపుకుంది. వెర్నా అప్పుడు మొదటిసారి నవ్వింది. “నీళ్లు ఎప్పుడూ ఇలా తిరిగి రాలేదు.”

ఒంటిగంటా యాభై రెండుకి ఇల్లు కనపడింది. దాని పక్కనే ఉక్కు టవరు, సరిగ్గా నెత్తిన బారుగా కరెంటు తీగలు, జుయ్యిమని చప్పుడు. వాకిట్లో మాడిపోయిన జనరేటర్ నీడన కుక్క పడుకుని ఉంది. లోపలి నుంచి దగ్గు. దగ్గుకీ దగ్గుకీ మధ్య చాలా సేపు ఏ చప్పుడూ లేదు.

బండి ఆగకముందే వెర్నా దూకింది. లోపలికి పరిగెత్తింది. కిటికీలోంచి నారింజరంగు వైరు బయటికొచ్చి పడింది.

పదకొండు శాతం. కర్టిస్ దిగి, బండి ముందువైపున్న ఛార్జింగ్ మూత తెరిచాడు. హమ్మయ్య అనుకుని చెయ్యి చాపి నిలబడ్డాడు.

వెర్నా వైరు పట్టుకుని అతన్ని దాటి బండి వెనక్కి పోయింది.

“అటు కాదు మేడమ్! ఛార్జింగ్ ఇటు!”

“ఈ గోడల్లోకి ఇన్నేళ్లలో చుక్క కరెంటు రాలేదు,” అంటూ ఆమె వైరు కొసని బండి వెనక ప్లగ్గులో గుచ్చింది, “జనరేటర్ మాడాక పెట్టిన సిలిండరు రెండింటికి ఖాళీ, నాన్న ఆక్సిజన్ మిషన్ ఇక నీ పదకొండు శాతం మీదే నడవాలి, అందుకని ఆ చెయ్యి దించి రేడియో అందుకో, నా నెత్తి మీంచి పోతున్న మీ తీగల్లోంచి ఒక్కటి ఇవాళే ఈ ఇంటికి దించమను!”