రెండువందల పన్నెండో ఫొటో

ఆ ఒక్క ఫొటో మూడోసారి వెనక్కి వచ్చింది.

అనంతపురంలోని ఒక గ్రంథాలయంలో పాత కరువు ఫొటోలను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. చూపు లేనివాళ్లకూ అవి అందాలని, ప్రతి ఫొటో కిందా అందులో ఏముందో రాయడం రేఖ పని. రాసిందాన్ని కంప్యూటరు చదువుతుంటే విని, సరే అనడం సుంకప్ప పని. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు.

కనిపించిందే రాయాలి, ఊహించింది రాయకూడదు. అదీ నియమం. రేఖ రోజుకు ముప్పై రాసేది. ఒక్కటీ వెనక్కి రాలేదు, ఈ రెండువందల పన్నెండోది తప్ప.

సుంకప్ప మీట నొక్కాడు. ఏడుపూ నవ్వూ లేని కంప్యూటరు గొంతు చదివింది.

"గంజి కేంద్రం ముందు వరుస. పచ్చ చీర కట్టిన తల్లి. ఒడిలో చంటిబిడ్డ నిద్రపోతున్నాడు. పక్కన కొంగు పట్టుకొని ఒక పిల్ల."

"ఏమ్మా రేఖా, ఇది నలుపు తెలుపు ఫొటో అంటివే. పచ్చ యాడ కనపడె నీకు?"

రేఖ నాలుక కరుచుకుంది. "తీసేస్తాన్నా."

"నాకు కండ్లు లేవని కతలు చెప్తాండావా?" సుంకప్ప నవ్వాడు. "ఇంగ ఆ నిద్ర సంగతి. నిద్రని నీకెట్ల తెలిసె? ఫొటోలో గురక ఇనపడతాందా?"

"నిద్రే అన్నా."

"కండ్లు మూసుకోనుండాడు అని రాయి. సాలు."

రేఖ 'పచ్చ' చెరిపేసింది. 'నిద్ర' అన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది. వారం నుంచీ అంతే. ఇంటికి పోయినా ఆ గొంతు చెవిలో అదే వాక్యం చదువుతూ ఉంది. ఫొటోను మాత్రం మొదటి రోజు తర్వాత ఆమె మళ్లీ తెరవలేదు.

"బిడ్డ చెయ్యి యాడుండాది?" సుంకప్ప ఉన్నట్టుండి అడిగాడు.

"కిందికి యాలాడతాంది."

"ఈగలు?"

రేఖ కుర్చీ చప్పుడు చేస్తూ వెనక్కి జరిగింది.

సుంకప్ప ముఖంలో నవ్వు పోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "సచ్చిపోయిన బిడ్డను నిద్రపోతాండాడని రాస్తే, ఇనేటోళ్లను మోసం చేసినట్టు గదమ్మా. సాయంత్రంలోగా మార్చు. లేదంటే ఈ ఫొటోనే తీసేపిస్తా."

"తీసేయొద్దన్నా!" రేఖ లేచి నిలబడింది. "నిద్రే. అట్లనే చెప్పినారు."

"ఎవురు చెప్పినారు? ఎవురికి?"

ఆ రోజు గంజి వరుసలో ఉన్నవాళ్లంతా, అమ్మ కొంగు పట్టుకొని నిలబడిన నాలుగేళ్ల రేఖకు, తమ్ముడు నిద్రపోతున్నాడనే చెప్పారు.