వీరాస్వామి కుడిచెయ్యి

దేవుడిచ్చిన చెయ్యి కూడా అంత నదురుగా ఉండదని ఎదురింటి సూరమ్మ వీధంతా చెప్పుకొచ్చిందట. చెరుకు గానుగలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మొగుడికి మంగాయి కంప్యూటర్‌లో, క్యాడ్‌లో గీసిన చెయ్యి అది. మిగిలిన ఎడమచేతి కొలతలు తీసి, కణుపు కణుపూ బిగించి, నున్నగా రంగులద్ది గోడ తెర మీద తిప్పి చూపిస్తే చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు. ఆ మురిపెంలో, ఎడమను కుడిగా మార్చే మిర్రర్ నొక్కకుండానే మంగాయి దాన్ని, గీసినదాన్ని గీసినట్టే వస్తువుగా పోసిచ్చే పంచాయతీ అచ్చుమిషన్‌కు పంపేసింది. పంచాయతీవాళ్లు మనిషికి ఒక్క చెయ్యే ఇస్తారు.

తొడిగి చూస్తే బొటనవేలు అవతలి వైపుంది.

"పోనీ మావా, ముద్దయితే పట్టుకుంటదిగా," అంటూ పప్పన్నం కంచం ముందుకు జరిపింది.

వీరాస్వామి చేతులు రెండూ కంచం పక్కన పెట్టాడు.

"ఏ ఎడంచేత్తో తినమంటావే?"