జోడీ విడిచాక

ఆమె మళ్ళీ పడింది.

లేచి, తుంటికి అంటిన మంచు పొడి దులుపుకుంది.

"అదే తప్పు," అన్నాడు కోచ్, స్కేటింగ్ రింకు అంచు గోడకు మోచేతులు ఆనించి. "గాల్లో ఇంకా అర చుట్టు మిగిలుండగానే కిందికొచ్చేస్తున్నావ్."

"మూడు చుట్లూ తిరుగుతున్నట్టే ఉంది సార్!"

"ఉంటుందమ్మా. ఐదేళ్ళు నీ జోడీ విసిరితే ఎగిరావు. ఆ ఎత్తంతా నీదే అనుకున్నావు."

ఆమె పెదవి కొరుక్కుంది.

ఇద్దరు జంటగా చేసే పెయిర్స్ స్కేటింగ్‌లో ఆమె జోడీ వేరే ఊరి రింకు నుంచి వచ్చినవాడు. నోట్లో నాలుక లేనట్టుండేవాడు. చప్పట్లన్నీ గాల్లో తిరిగే ఆమెకే. స్నేహితురాళ్ళ దగ్గర అతన్ని "మా క్రేన్ గారు" అనేది.

నిరుటి సీజన్ చివర మొహం మీదే చెప్పేసింది.

"నిన్ను మోయడం ఇక నా వల్ల కాదు. సింగిల్స్‌కి వెళ్ళిపోతున్నాను."

"మోసేది నేను కదా," అని నవ్వబోయాడతను.

ఆమె నవ్వలేదు.

"సరే. మోకాలు జాగ్రత్త," అన్నాడు. అంతే.

ఈ మధ్యాహ్నమే సింగిల్స్ ఎంపిక. వచ్చే ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది.

ఎంపికలోనూ రెండుసార్లు పడింది. మైకులో పిలిచిన పేర్లలో ఆమె పేరు లేదు.

డ్రెస్సింగ్ రూములో ఒక కాలి స్కేటు విప్పి, రెండోది విప్పకుండానే ఫోను తీసింది. పెయిర్స్ ఎంపికకు ఇంకా గడువుంది.

అతని ఇంటికి చేస్తే అతని అక్క ఎత్తింది.

"అక్కా, నేను. తనున్నాడా? మళ్ళీ కలిసి చేద్దామని..."

"గోడౌన్‌లో డ్యూటీకి వెళ్ళాడమ్మా. వాడు మంచు మీద కాలు పెట్టి ఏడాదవుతోంది. స్కేట్లు కూడా ఎవరికో ఇచ్చేశాడు."



"మానేయడం దేనికక్కా? తనూ సింగిల్స్‌కి వెళ్ళుండొచ్చుగా!"



"ఆ చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు."

"ఏ చోటు?"

"నీకు చెప్పలేదా వాడు? నువ్వు వద్దనడానికి వారం ముందేనమ్మా, వాణ్ణి సింగిల్స్ జట్టులోకి రమ్మని సెలెక్టర్లు మా ఇంటికే వచ్చారు... తనెళ్తే నువ్వు ఒంటరివైపోతావని వాడే వాళ్ళను వెనక్కి పంపేశాడు."